అత్తమ్మ కుడిచేతి తీపి పుల్లలు

మా అత్తమ్మ పోయింది. మొన్న మంగళవారం మధ్యాహ్నం, సూర్యాపేటలో, మా ఇంట్లోనే. పక్షవాతం రెండోసారి వచ్చింది. ఈసారి ఆటో పిలిచే వ్యవధి కూడా ఇవ్వలేదు. కబురు తెలిసి వచ్చినవాళ్లలో చాలామంది ఒకే మాట అన్నారు: "పాయె పాపం, కష్టం తీరింది."

ఆ మాట నాకు నచ్చలేదు. ఆమె శవం ముందు కూర్చుని వాదించడం బాగుండదని అప్పుడు ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను. మా అత్తమ్మ కష్టంలో ఉన్న మనిషి కాదు, కొట్లాటలో ఉన్న మనిషి. రెండింటికీ చాలా తేడా ఉంది. ఆమెను చూడని మీకు ఆ తేడా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆమెది మునగాల దగ్గర పల్లె. వయసంతా పొలంలోనే గడిచింది. నాట్లు వేసింది, కలుపు తీసింది, కోతలు కోసింది. మామయ్య పోయాక సూర్యాపేటలో మా దగ్గరికి వచ్చింది. నేను బడిలో లెక్కలు చెబుతాను, మా ఆయనది కరెంటు సామాన్ల దుకాణం. వంటిల్లు ఆమె రాజ్యం. కొన్నేళ్ల కిందట ఒకరోజు పొద్దున్నే బియ్యం కడుగుతూ కుడివైపుకు ఒరిగిపోయింది. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి, కుడికాలు పట్టు తప్పాయి. మూతి ఒక పక్కకు లాగింది. మాట ముద్దయిపోయింది.

దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన రోజే కొట్లాట మొదలయింది. చూడవచ్చిన చుట్టాలు మంచం ఎక్కడ వేయాలో, దిండు ఎటు పెట్టాలో చెప్పారు. "చేసింది చాలు, ఇగ కూసోని తిను" అన్నారు. నేను అన్నం మెత్తగా పిసికి చెంచాతో పెట్టబోతే ఆమె నోరు బిగించింది. చెంచా ఎడమచేతికి ఇస్తే కింద పెట్టేసింది.

"నా బువ్వ నేనే తింట. గీ చేత్తోనే." ఇంత మాట పలకడానికి ఆమె మొహమంతా చెమట పట్టింది. ఒళ్లో చచ్చుగా పడి ఉన్న కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి చూపించింది. ఎడమచేత్తో తినడం ఆమె దృష్టిలో తినడమే కాదు. ఆ పూట కుడిచేతిని ఎడమచేత్తో కంచం దాకా తోసుకుంది. అన్నమంతా చీర మీద పడింది. ఆకలితోనే పడుకుంది గానీ నాతో పెట్టించుకోలేదు. తర్వాత కొన్నాళ్లు మజ్జిగ, జావ గ్లాసుతో తాగి గడిపింది.

కండరాలకు వ్యాయామం నేర్పడానికి ఒక ఫిజియోథెరపీ అమ్మాయి ఇంటికి వచ్చేది. చేతికి రబ్బరు బంతి ఇచ్చి పిసకమంది. అత్తమ్మ ఆ బంతిని చూసింది, ఆ అమ్మాయిని చూసింది, బంతిని మంచం కిందికి దొర్లించింది.

"బంతాట ఆడనీకి నేనేమన్న చిన్నపోరినా? పిండి తెండి."

ఆ అమ్మాయి నవ్వి, "పిండైనా సరే అమ్మమ్మా, పిసికితే చాలు" అంది. నేను గోధుమపిండి ముద్ద కలిపి తెచ్చాను. ముద్దను ఆమె చేతిలో పెడితే వేళ్లు కదల్లేదు. అయినా పెట్టుకునే కూర్చుంది. కొన్ని వారాలకు వేళ్లు లోపలికి ముడుచుకోవడం మొదలయింది. తర్వాత అరచేత్తో పీట మీద పిండిని ముందుకూ వెనక్కూ తోయడం వచ్చింది. ఆ చెయ్యి చేయగలిగింది అంతే. అలా తోస్తే పిండి ఏమవుతుంది? పొడుగ్గా సాగి, వేలంత లావున పుల్లలవుతుంది. రోజూ పీట నిండా పుల్లలు.

వాటిని పారేయబోతే ఆమె ఒప్పుకోలేదు. "వడ్లు పండించినదాన్ని. నా ముందట తిండిగింజ పారబోస్తవా?" అంది. పిల్లల పుట్టినరోజు కేకుల కోసం కొన్న చిన్న ఓవెన్ ఒకటి మా ఇంట్లో అటక మీద ఉండేది. దించి, తుడిచి, ఆ పుల్లల్ని కాల్చాను. రాయిలా వచ్చాయి. ఒకదాన్ని చాయ్‌లో ముంచి ఆమె గుప్పిట్లో పెట్టాను. అన్నం పట్టలేని చెయ్యి, చెంచా నిలపలేని చెయ్యి, ఆ పుల్లను పట్టింది. వణుకుతూ, చాలాసేపటికి, నోటి దాకా తీసుకెళ్లింది. కొరికింది. నమిలింది. చాయ్ గదవ మీదుగా కారుతుంటే తుడవబోయిన నా చేతిని పక్కకు నెట్టి, "రుచి లేదు" అంది.

నాకు ఏడుపు వచ్చింది. ఆమెకు రాలేదు. ఆమె అప్పటికే బెల్లం సంగతి ఆలోచిస్తోంది.

చిన్నప్పుడు వాళ్ల నాయన హుజూర్‌నగర్‌లో వడ్లమ్మి వచ్చేటప్పుడు కాగితంలో చుట్టి తీపి పుల్లలు తెచ్చేవాడట. సోంపు వాసన వచ్చేవట. ఆ రుచి ఆమె నాలుక మీద ఉంది, చేసే పద్ధతి మాత్రం తెలియదు. ఇద్దరం కలిసి వెతుక్కున్నాం. బెల్లం ఎక్కువైతే అడుగు మాడింది. ఈస్టు వేసిన నీళ్లు మరీ వేడైతే పిండి పొంగలేదు. యాలకులు వేశాం, దాల్చినచెక్క వేశాం, కొంచెం శొంఠి వేశాం. సోంపును పొడి చేయకూడదని, పంటి కింద తగిలేలా కచ్చాపచ్చాగా దంచాలని ఆమే కనిపెట్టింది. ఒకసారి కాల్చి చల్లార్చి, మళ్లీ సన్న సెగ మీద ఆరబెడితే కరకరలాడాయి. ఆ రోజు కొరికి, కళ్లు మూసుకుని, "గిదీ" అంది. అంతకుమించి మెచ్చుకోవడం ఆమెకు రాదు.

పనిలో పడ్డాక చెయ్యి దారికి వచ్చింది. పూర్తిగా రాలేదు. వేళ్లు ఆమె పోయేదాకా సగమే తెరుచుకునేవి. ఎవరైనా జాలిగా చూస్తే ఒకటే మాట చెప్పేది: "చెయ్యి నాది. పని చెప్తే ఇంటది, చెప్పకుంటే పండుకుంటది."

ఇక మిర్యాలగూడ సంగతి. మా ఆడపడుచు అక్కడే ఉంటుంది. ఆమె బిడ్డకు సంబంధం కుదిరింది. నిశ్చితార్థానికి కొన్నాళ్ల ముందు మా ఆయనకు ఫోన్ చేసింది. ఆయన అన్నం తింటూ స్పీకర్ పెట్టాడు.

"అన్నా, ఎంగేజ్‌మెంటుకు అమ్మను తేవద్దే. పెండ్లికి తీస్కరా. పిల్లగాని తరపోళ్లు కొత్తోళ్లు. అమ్మ మూతి జూసి, మాటిని, ఇదేదో ఖాందాన్‌ల ఉన్న బీమారి, పిల్లకు గూడ వస్తది అనుకుంటరు. నా బిడ్డ సంబంధం పాడైతది."

ఆడపడుచుది కూడా ఒక తల్లి భయమే. చెడ్డ మనసుతో అన్న మాట కాదు. కానీ మంచం మీద అత్తమ్మ అంతా విన్నది. అత్తమ్మ నా వైపు తిరిగి, "పిండి తడుపు" అంది.

నిశ్చితార్థం రోజు బస్సులో కిటికీ పక్కన, ఒళ్లో పెద్ద స్టీలు డబ్బా పెట్టుకుని కూర్చుంది. మిర్యాలగూడ వచ్చేదాకా ఎవరికీ పట్టుకోనివ్వలేదు. ఫంక్షన్ హాలు గుమ్మంలో మమ్మల్ని చూడగానే ఆడపడుచు మొహం మాడిపోయింది. నా చెవిలో, "వదినా, జర లోపల రూముల కూసోబెట్టు" అంది. కూర్చోబెడితే కూర్చునే మనిషేనా ఆమె? చేతికర్ర ఆనించుకుని, కాలు ఈడ్చుకుంటూ, కుర్చీల మధ్య నుంచి నడిచింది. డబ్బా మోసే పని మాత్రం నాకు ఇచ్చింది. మాట్లాడుకుంటున్నవాళ్లు ఒక్కొక్కరే ఆమె వైపు తిరిగారు. పిల్లవాడి నాయనమ్మ ముందు వరుస సోఫాలో ఉంది. అత్తమ్మ ఆమె ఎదురుగా నిలబడి, డబ్బా మూత తీయించి, వణికే కుడిచేత్తో ఒక పుల్ల తీసి చాచింది.

"నేను పిల్లకు అమ్మమ్మను. నాకు పక్షవాతమొచ్చింది. మూతి వంకర. మాట వంకర. పుల్లలు సక్కగనే ఉన్నయ్. తిను వదినా."

ఆడపడుచు చీర కొంగు నోట్లో కుక్కుకుంది. పెద్దావిడ పుల్లను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాకు పండ్లు లేవు వదినా. ఇది గట్టిగున్నది."

"చాయ్‌ల ముంచు."

ఎవరో చాయ్ తెచ్చారు. ఆమె ముంచుకుని తిన్నది. తర్వాత పక్కకు జరిగి అత్తమ్మకు చోటిచ్చింది. "మా ఆయనకు గూడ గిట్లనే వచ్చింది. మూలకు పడ్డడు, మళ్ల లేవలే. నువ్వెట్ల లేచినవ్?"

"మూలకు కూసోలే" అంది అత్తమ్మ.

సంబంధం చెడలేదు. డబ్బా ఖాళీ అయింది. కానీ ఆడపడుచు ఆ తర్వాత ఫోన్ చేయడం మానేసింది. తల్లి అందరిలో తన మాట తీసేసిందని కోపం. ఒకసారి మా ఆయన, "నువ్వే ఒకసారి మాట్లాడరాదమ్మా" అంటే, "కోపం దానిది. నడిచిపోయిన కాళ్లు నావి" అంది అత్తమ్మ. పెళ్లిరోజున ఆడపడుచే ఎదురొచ్చి, తల్లి చెయ్యి పట్టుకుని, ముందు వరుసలో కూర్చోబెట్టింది. క్షమించమని అడగలేదు. ఈమె అడిగించుకోనూ లేదు. కూతురి చేతిలో చెయ్యి మాత్రం చాలాసేపు ఉంచింది.

అత్తమ్మ చెల్లెలు కోదాడలో ఉంటుంది. నిరుడు ఆమెకూ పక్షవాతమే వచ్చింది. గోడ వైపు తిరిగి పడుకుని, ఎవరితోనూ మాట్లాడటం లేదని తెలిసి అత్తమ్మను తీసుకుని వెళ్లాను. బయలుదేరేముందే పిండి కలిపిన గిన్నె సంచిలో పెట్టించింది.

"నా వల్ల కాదక్కా. నన్నిట్లా వదిలేయండి" అంది చెల్లెలు, గోడ వైపు నుంచే.

"నీ వల్ల కాకుంటే ఎవలి వల్ల అయితది? చెయ్యి నీదా, పక్కింటోళ్లదా?"

చెల్లెలు ఏడ్చింది. అత్తమ్మ ఓదార్చలేదు. చెల్లెలి చేతిలో పిండిముద్ద పెట్టి, దాని మీద సగమే తెరుచుకునే తన చెయ్యి పెట్టి, నొక్కింది. "ఏడువు. ఏడ్సుకుంటనే పిసుకు" అంది. మేం కోదాడ నుంచి బయలుదేరేటప్పటికి ఆ ముద్ద మీద నాలుగు వేళ్ల గుంటలు పడ్డాయి. అవి ఎవరి వేళ్లవో నేను చెప్పలేను. మొన్న అక్క చావుకు ఆ చెల్లెలు చేతికర్రతో తనే నడిచి వచ్చింది.

మంగళవారం పొద్దున అత్తమ్మ మామూలుగానే లేచింది. నాకు బడి సెలవు. కుడిచేత్తో ఇడ్లీ తుంచుకుని తిన్నది. పిండి కలిపింది, నన్ను చేయి పెట్టనివ్వలేదు. సోంపు తక్కువైందని ఇంకొంత దంచించింది. గిన్నె మీద తడిబట్ట కప్పి, "జర నడుం వాలుస్త. పొంగినంక లేపు" అని వెళ్లి పడుకుంది.

పిండి పొంగింది. లేపడానికి వెళ్లాను. అత్తమ్మ లేవలేదు.

సాయంత్రానికి ఇల్లు మనుషులతో నిండిపోయింది. ముందుగదిలో ఆమెను చాప మీద పడుకోబెట్టారు. మంచినీళ్ల కోసం నేను వంటింట్లోకి వెళ్లాను. నా వెనకే వచ్చిన పెద్దావిడ ఒకరు గట్టు మీది పిండిగిన్నె చూసి, "చావింట్ల గిదేంది? పారబొయ్యి బిడ్డా" అంది.

"ఉండనీ" అన్నాను.

తడిబట్టను పైకి నెట్టి, గిన్నె అంచు దాటి, పిండి ఇంకా పొంగుతూనే ఉంది.