అసగ సయామా

రంగూన్‌లో తాంవే పేటలోని ఆ బోర్డింగు మేడమీద నలభైమంది పిల్లలు ఒక్కసారే గొంతెత్తి నలభై రకాల జవాబులు ఒప్పజెబుతుంటారు. కొత్తగా వచ్చినవాళ్ళకు అది సంతగోల. సత్యశ్రీకి కాదు. ఆ గోలలో మూడో వరసలో ఎవరో ఒక్క మాట మింగేసినా ఆమె తల అటు తిరుగుతుంది. చేతిలోని పెన్సిలు బల్లమీద రెండుసార్లు టకటకమంటుంది. "అసగ!" అంటుంది. బర్మా భాషలో, మొదటినుంచి అని. అంతే, ఎంతదూరం వచ్చిన పిల్లయినా మళ్ళీ మొదటి మాటకు పోవలసిందే. అందుకే పిల్లలు ఆమెకు అసగ సయామా అని పేరు పెట్టారు. సయామా అంటే టీచరమ్మ.

నిజానికి ఆమె టీచరు కాదు, గైడ్. ఈ ఉద్యోగం రంగూన్‌లో మాత్రమే ఉందో, ఇంకెక్కడైనా ఉందో నాకు తెలియదు. టీచరు పాఠం చెబుతుంది. గైడ్ చెప్పదు. పుస్తకం తెరిచి పట్టుకుని పిల్ల ఎదురుగా కూర్చుంటుంది. పిల్ల కంఠస్థం చేసింది ఒప్పజెబుతుంటే అచ్చులో ఉన్నది ఉన్నట్టు వస్తోందో లేదో చూస్తుంది. అర్థం ఆమెకు తెలియనక్కర్లేదు. బయాలజీ జవాబులన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, ఆ ఇంగ్లీషు పిల్లకూ సగమే తెలుసు, గైడ్‌కూ సగమే తెలుసు. అయినా ఏటేటా డాక్టర్లు తయారవుతూనే ఉన్నారు.

సత్యశ్రీ తాత విశాఖపట్నం వైపునుంచి వచ్చి రంగూన్ రేవులో మూటలు మోశాడు. తండ్రి బుల్లియ్య అదే రేవులో గోడౌను కాపలా కాశాడు. ఇంటిల్లిపాదిలో మెట్రిక్ దాకా వచ్చిన మొదటి మనిషి సత్యశ్రీ. రెండుసార్లు రాసింది, రెండుసార్లూ ఫలితాల బోర్డుమీద తన నంబరు లేదు. రెండోసారి బోర్డుముందు ఎంతసేపు నిలబడిందంటే, జనమంతా వెళ్ళిపోయాక బుల్లియ్యే వచ్చి చెయ్యిపట్టుకుని లాక్కుపోయాడు. ఆ దేశంలో బతుకంతా ఆ ఒక్క పరీక్షమీద వేలాడుతుంది. తెల్లకోటు వేసుకుంటావో, లైంగ్‌థార్యార్ బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడతావో ఆ మార్కులే తేల్చేస్తాయి. సత్యశ్రీ కాలర్లు కుట్టింది, పదకొండేళ్ళు. తర్వాత ఎవరో చెబితే గైడ్ పనికి వచ్చింది. పుస్తకం చేతిలో పట్టుకున్నాక నువ్వెంతదాకా చదివావని ఎవరూ అడగలేదు. ఆ గౌరవం ఆమెకు నచ్చింది. ఎందుకు నచ్చకూడదు?

భానుప్రియ నిరుడు జూన్‌లో వచ్చింది. నది అవతల దలా ఊరి పిల్ల. తండ్రి నీలకంఠం వలలు బాగుచేస్తాడు, తల్లి చిలకమ్మ చేపలు అమ్ముతుంది. మేడమీద తెలుగువాళ్ళు ఇద్దరే, సత్యశ్రీ, ఆ పిల్ల. అందరిముందూ "సయామా" అనేది, మెట్లమీద ఎదురైతే గొంతు తగ్గించి "అత్తా" అనేది. తెలుగు అర్థమయ్యేదిగానీ, మాట్లాడాలంటే ఒక్కో మాటా వెతుక్కునేది. మంచి బుర్ర. ఆరు సబ్జెక్టుల్లో ఆరింటికీ డిస్టింక్షన్ వస్తుందని బోర్డింగు యజమానురాలు డో తాన్‌న్వే అప్పుడే గేటుకు కట్టే బ్యానర్‌మీద ఫొటోకు జాగా వదిలిపెట్టింది. ఆరు డీలు అంటారు అక్కడ. "ఆరు డీల పిల్ల" అని పిలిచేవారు. ఆ పిల్ల నవ్వేది కాదు.

క్రమంగా చెడింది ఆ పిల్ల ఆరోగ్యం. మొదట నిద్ర కరువైంది. తర్వాత తిండి. చదువుతూ కుడి కణతమీద వెంట్రుకలు ఒక్కొక్కటే పీక్కునేది, జనవరికి అక్కడ రూపాయంత బోడి. డో తాన్‌న్వే తలమీద నిమ్మరసం రుద్దించింది, బలానికి మాత్రలు తెప్పించింది. "పరీక్షల ముందు అందరూ ఇంతే" అంది. సత్యశ్రీ కూడా అదే అంది. ఆ మాట అనడం తేలిక, దానివల్ల ఎవరికీ పని పెరగదు.

ఇక ఆ మధ్యాహ్నం. ఫిబ్రవరి ఆఖరు, పరీక్షకు రెండువారాలు. కరెంటు లేదు, పంకాలు తిరగడంలేదు. భానుప్రియ ఊపిరి పీల్చడం గురించిన జవాబు ఒప్పజెబుతోంది. గాలి ముక్కులోంచి గొంతులోకి, అక్కణ్ణుంచి ఊపిరితిత్తుల్లోకి, కింద డయాఫ్రమ్. నాలుగు పేరాల జవాబు. రెండో పేరాలో "డయాఫ్రమ్" అనే మాట దాటగానే, గొంతు మార్చకుండా, అదే వేగంతో, అదే రాగంలో, భానుప్రియ తెలుగులో అంది:

"అత్తా, నా బుర్రలో ఎవులో సదువుతన్నారు. ఆపమను."

పెన్సిలు రెండుసార్లు కొట్టింది. "బుక్కులో లేదు. అసగ" అంది సత్యశ్రీ.

భానుప్రియ ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఈసారి తప్పు లేకుండా చివరిదాకా వచ్చింది. సత్యశ్రీ పేజీ అంచున టిక్కు పెట్టింది.

బయాలజీ పరీక్షరోజు మూడుగంటలు అయ్యాక కాగితాలు తీసుకోబోయిన మాస్టారు భానుప్రియ చేతిలోంచి పెన్ను లాక్కోవలసి వచ్చిందట. ఆ పిల్ల రాసింది ఒక్కటే జవాబు. రెండో పేరా సగానికి రావడం, అడ్డంగా కొట్టేయడం, మళ్ళీ మొదటినుంచి. పద్నాలుగుసార్లు. పెన్ను పోయాక నోటితో మొదలుపెట్టింది. బల్లమీద వేలితో రెండుసార్లు కొట్టుకుని, మళ్ళీ మొదటినుంచి.

డో తాన్‌న్వే గైడ్‌లందరినీ పిలిచి అడిగింది, ముందే ఏమైనా కనబడిందా అని. "నలభై గొంతుల్లో ఎవరేమన్నారో ఎలా తెలుస్తుంది?" అంది సత్యశ్రీ. నలభై గొంతుల్లో ఒక్క మాట జారినా పట్టుకునే సత్యశ్రీ! ఆ అబద్ధం నమ్మడం అందరికీ సుఖంగానే ఉంది కాబట్టి నమ్మారు. ఆమెకే కుదరలేదు. అర్థం కాకనా కొట్టింది? అర్థమయింది. ప్రతి మాటా అర్థమయింది. అర్థమయ్యేలోగా చెయ్యి కొట్టేసింది, కొట్టాక ఆగి అడగడానికి ఇంకా ఎనిమిదిమంది వరసలో ఉన్నారు. అంతే జరిగింది. ఇంత చిన్నపని ఇంత పెద్దదవుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు అని తనకు తాను చెప్పుకునేది. చెప్పుకున్నకొద్దీ ఆ గొంతు దగ్గరకొచ్చేది. కొళాయికింద గిన్నె పెడితే, నీళ్ళ చప్పుడులో ఆ రాగం. బస్సులో పక్కసీటు మనిషి ఫోను మాట్లాడుతుంటే, మధ్యలో "అత్తా". భర్త రాజమోహన్ తలుపు తట్టినా ఉలిక్కిపడేది. రెండుసార్లు తట్టకు, మూడుసార్లు తట్టు అని అతణ్ణి బతిమాలింది. అతను ఎందుకని అడగలేదు, మూడుసార్లే తడుతున్నాడు.

జూలైలో చిలకమ్మ బోర్డింగుకు వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకుంది సత్యశ్రీ. తిట్టినా బాగుండేది.

"అమ్మా, నువ్వొకపాలి రావాల" అంది చిలకమ్మ, గొడుగులోంచి నీళ్ళు కారుతుంటే. "పెద్దాసుపత్రిలో సూపించినాం. జబ్బే అన్నారు, మందులిత్తన్నారు. నిద్రోతంది, అన్నం తింతంది. గానీ ఒక్క మాట నేదు. ఆ ఇంగిలీసే. ఒక సోటుకొస్తాది, టక్ టక్ అని కొడతాది, మల్లీ మొదలు. ఆ సోటు దాటితే ఆగిపోద్దేమోనని నా ఆశ. నీ మాటింటాది. నువ్వే కదా నేర్పినావు."

ఆ చివరిమాటలో నిష్ఠూరం ఏ కోశానా లేదు. సత్యశ్రీకి అదే భరించరానిదయింది.

ఆదివారం ఉదయం పడవలో నది దాటి వెళ్ళింది. సంచిలో బయాలజీ పుస్తకం, పెన్సిలు. పెన్సిలు ఎందుకు పెట్టుకుందో ఆమెకే తెలియదు. నీలకంఠం ఇంటిముందు చూరుకింద వల పరుచుకుని కూర్చున్నాడు. లేచి, "లోపలున్నాది" అని మాత్రం అని మళ్ళీ వలలోకి తల దించుకున్నాడు. గోడవతలనుంచే వినబడుతోంది. అదే వేగం, అదే రాగం.

భానుప్రియ చాపమీద కూర్చుని ఉంది. ఒళ్ళు చేసింది. కణతమీద జుట్టు మళ్ళీ మొలుస్తోంది. కళ్ళు మాత్రం ఎక్కడో కనబడని పేజీమీద ఉన్నాయి. సత్యశ్రీ ఎదురుగా కూర్చుని అలవాటుకొద్దీ పుస్తకం తెరిచింది. గాలి ముక్కులోంచి గొంతులోకి. ఒక్క అక్షరం పోలేదు. రెండో పేరా. "డయాఫ్రమ్" అంది పిల్ల. ఆగింది. చూపుడువేలు నేలచెక్కమీద రెండుసార్లు కొట్టింది. మళ్ళీ మొదలు.

"సూసినావా? అక్కడే" అంది చిలకమ్మ గుమ్మంలోంచి. "ఆ మాట కస్టంగా ఉంటాదా అమ్మా?"

"కాదు" అంది సత్యశ్రీ. "అక్కడ నీ కూతురు నాతో ఒక మాటన్నాది. నాను ఇన్నాను. ఇని కూడా ఊరుకున్నాను."

చిలకమ్మకు ఆ మాట ఎక్కినట్టు లేదు. పిల్ల మళ్ళీ ఆ చోటుకే వస్తోంది. "డయాఫ్రమ్" అంది. వేలు లేవబోతుండగా సత్యశ్రీ ముందుకు వంగి, ఆ రాగంలోనే అంది:

"అత్తా, నా బుర్రలో ఎవులో సదువుతన్నారు. ఆపమను."

వేలు గాలిలోనే ఆగింది. భానుప్రియ కళ్ళు మెల్లగా కిందికి దిగి సత్యశ్రీ ముఖంమీద నిలిచాయి. గుర్తుపట్టింది. నాలుగునెలల తర్వాత మొదటిసారి ఆ పిల్ల ఒక మనిషిని చూసింది. చెక్కమీద రెండుసార్లు కొట్టి, టీచరమ్మ గొంతుతో, విసుగు లేకుండా అంది:

"బుక్కులో లేదు. అసగ."

"మాటాడింది!" చిలకమ్మ పరుగున వచ్చి కూతుర్ని పట్టుకుంది. "ఓలమ్మ, తెలుగులో మాటాడింది! ఇన్నావా, నా తల్లి మాటాడింది!" ఏడుస్తోంది, నవ్వుతోంది. నీలకంఠం వల వదిలేసి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. ఆ ఇద్దరి సంతోషం ముందు సత్యశ్రీ తల ఎత్తలేకపోయింది. అది ఎవరి మాటో, ఎవరి గొంతో తెలిసినది ఆ ఇంట్లో తనొక్కతే.

సంచిలోంచి పెన్సిలు తీసింది. డయాఫ్రమ్ అన్న మాట పక్కన, రెండు వరసల నడుమ, చిన్న అక్షరాలతో ఆ తెలుగుమాట రాసింది. తెలుగు రాయడం తనకూ రాదు, చదవడం పిల్లకూ రాదు. బర్మా అక్షరాల్లో రాసింది. పుస్తకం తిప్పి భానుప్రియ ముందు పెట్టింది.

"ఉన్నాది, సూడు. బుక్కులోనే ఉన్నాది. నానే సరిగా సూణ్ణేదు."

పిల్ల చాలాసేపు చూసింది. మొదటినుంచి మొదలుపెట్టింది. గాలి, ముక్కు, గొంతు. డయాఫ్రమ్. తర్వాత, వేలు కదలకుండా, పాఠంలో ఒక వరసలాగే, "అత్తా, నా బుర్రలో ఎవులో సదువుతన్నారు. ఆపమను" అంది. ఆగి, సత్యశ్రీ చేతివంక చూసింది. పెన్సిలువంక.

సత్యశ్రీ పెన్సిలు ఒళ్ళో దాచుకుంది. "ఇన్నానమ్మా" అంది.

భానుప్రియ ముందుకు సాగింది. మూడో పేరా, నాలుగో పేరా, ఆఖరిమాట. ఇల్లంతా నిశ్శబ్దం, వాన చప్పుడు. ఆ నిశ్శబ్దం ఎంతసేపుందో ఎవరూ లెక్కపెట్టలేదుగానీ, ఆ నాలుగునెలల్లో ఆ ఇంట్లో పగటిపూట అంతసేపు ఎప్పుడూ లేదు. తర్వాత పిల్ల మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది.

చిలకమ్మ నేలమీద కూలబడింది. సత్యశ్రీ ఆ పూటంతా ఉండిపోయింది. ఆ చోటు వచ్చినప్పుడల్లా పిల్ల ఆగి చూసేది, సత్యశ్రీ "ఇన్నానమ్మా" అనేది. ఒక్కసారికూడా మరిచిపోలేదు. సాయంత్రం పడవ వేళకు లేచింది. మళ్ళీ ఆదివారం వస్తానంది. చిలకమ్మ గుమ్మందాకా వచ్చి, "నువ్వు రానప్పుడు ఆ సోటొస్తే నానేటనాలమ్మా?" అంది.

"ఇన్నాననాల. అంతే. ఎన్నిసార్లయినా అనాల."

"అంటాను" అంది చిలకమ్మ.

సందు మలుపు తిరిగేదాకా ఆ గొంతు వెంట వస్తూనే ఉంది. గాలి, ముక్కు, గొంతు. సత్యశ్రీ అడుగులు తెలియకుండానే నెమ్మదించాయి. డయాఫ్రమ్. ఆపైన తెలుగు మాట, వానలో స్పష్టంగా. దాని వెనకే తల్లి గొంతు, "ఇన్నానమ్మా, ఇన్నాను."

కానీ ఆ తల్లి గొంతు లేచేలోపే సత్యశ్రీ కుడిచేతి వేలు గొడుగుపిడిమీద రెండుసార్లు కొట్టేసింది. ఆమె ఆ చేతిని రెండోచేత్తో గట్టిగా పట్టుకుని నది దాటింది.