తువ్వాలు చాటు కోచ్

బాస్కెట్‌బాల్‌లో అసిస్టెంట్ కోచ్ అంటే ఆట జరుగుతున్నంతసేపూ కూర్చోవలసినవాడు. మా కాలంలో మా పోటీల రూలు అదే. గీత పక్కన నిలబడి అరిచే హక్కు ఒక్క కోచ్‌ది. అసిస్టెంట్ లేచాడంటే రెఫరీ వేలు చూపించి కూర్చోబెట్టేవాడు. జెద్దాలో ఒక టెక్నికల్ కాలేజీ జట్టు బెంచీ మీద నేను పదమూడేళ్లు అలా కూర్చున్నాను. మధ్యలో ఒక్క సీజను మాత్రం నిలబడ్డాను.

నేను వెళ్లింది కోచ్‌గా కాదు. జగిత్యాల వైపు నుంచి మావాళ్లంతా ఎలా వెళ్లారో నేనూ అలాగే వెళ్లాను. కాలేజీ రోజుల్లో జిల్లా జట్టుకు ఆడానని చెబితే ఏజెంటు పగలబడి నవ్వాడు. "గదంత ఆడ ఎవ్వనికి గావాలె? గోడలకు రంగేస్తవా ఎయ్యవా, గది చెప్పు" అన్నాడు. వేస్తానన్నాను. అక్కడ దిగాక ఇచ్చిన ఇకామాలో, అంటే నివాస అనుమతి పత్రంలో, వృత్తి దగ్గర 'ఆమిల్' అని రాశారు. కూలి అని అర్థం.

నన్ను తెప్పించుకున్న కఫీల్ కాలేజీల్లో మరమ్మతులు చేయించే కాంట్రాక్టరు. ఒకరోజు బాస్కెట్‌బాల్ హాల్లో గీతలు వేసి రమ్మని రంగు డబ్బా చేతికిచ్చి పంపాడు. కోచ్‌ను మొదటిసారి చూసింది అక్కడే. మెడలో విజిల్, మడత నలగని ట్రాక్‌సూటు, దాని ముందు ఒక పొట్ట. మనిషి మనవాడే, ఏలూరు వైపు. ఆ దేశంలో తెలుగు వినగానే ప్రాణం లేచివచ్చింది. రెండు నిమిషాలు కూడా కాకముందే ఆ ప్రాణం మళ్లీ ఉసూరుమంది. మూడు పాయింట్ల గీత కోసం ఆయన టేపును కోర్టు చివరి గీత దగ్గర పట్టుకుని నిలబడ్డాడు.

"రింగు నడిమికెల్లి కొల్వాలె సార్, గీడికెల్లి కాదు" అన్నాను.

"ఏవయ్యా, నీకెలా తెలుసు?"

"ఆడిన సార్."

ఆయన అటూ ఇటూ చూశాడు. ఎవరూ వినలేదని నమ్మకం కుదిరాక టేపు నా చేతికిచ్చాడు. "అయితే సాయంత్రాలు వచ్చి బంతులందిస్తా ఉండు. నీ కఫీల్‌తో నేను మాట్లాడతాన్లే. మనోడివి కదా!"

పరదేశంలో 'మనోడివి కదా' అని ఎవరైనా అంటే వెంటనే జేబు తడుముకోవాలని నేను తర్వాత నేర్చుకున్నాను.

అలా నా ఎదుగుదల మొదలైంది. మొదటి ఏడాది బంతులకు గాలి కొట్టాను, నేల తుడిచాను. రెండో ఏడు స్కోరు రాశాను. మూడో ఏడు ఒక ఆకుపచ్చ ట్రాక్‌సూటు ఇచ్చి అసిస్టెంట్ కోచ్ అన్నారు. ఇకామాలో మాత్రం ఆమిల్‌నే. కోచ్ దగ్గర సర్టిఫికెట్లు ఒక ఫైలు నిండా ఉండేవి. ఇండియాలో ఆయన చేసిందల్లా ఏదో స్కూల్లో పిల్లల చేత డ్రిల్లు చేయించడం. బాస్కెట్‌బాల్ గురించి ఆయనకు తెలిసిన వ్యూహం ఒకటే: "రన్! రన్!" వట్టి కుండకు మోతెక్కువ అన్నట్టు ఆ రెండు ముక్కలతోనే హాలు దద్దరిల్లేది.

బెంచీ మీద కూర్చున్న మొదటి మ్యాచ్‌లో అవతలి జట్టు మావాళ్లను రింగు దరిదాపులకు రానివ్వలేదు. కోచ్ వెనక్కి జరిగి, పెదవి కదపకుండా, "ఇప్పుడేం చేద్దామయ్యా?" అన్నాడు. చెమట తుడుచుకుంటున్నట్టు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, "మూలకు ఇద్దర్ని పంపుండ్రి సార్" అన్నాను. ఆయన చేతులూపుతూ అదే అరిచాడు. గెలిచాం. ఆనాటి నుంచి అదే ఏర్పాటు. నేను తువ్వాలు చాటున గొణుగుతాను, ఆయన గొంతు చించుకుంటాడు. సొమ్మొకడిది సోకొకడిది.

కోచ్‌కు తెలియనిది ఒకటుంది. కుర్రాళ్లు గుడ్డివాళ్లు కారు. ఏడాది తిరిగేసరికి వాళ్లు ఆయన నోరు చూడటం మానేసి నా తువ్వాలు చూడసాగారు. అందరికంటే ముందు కనిపెట్టింది కెప్టెన్. నజ్రాన్ నుంచి వచ్చిన సన్నటి పొడుగు కుర్రాడు, మాటలు తక్కువ. ప్రాక్టీసు అయ్యాక నా పక్కన కూర్చుని, వచ్చీరాని నా అరబ్బీని ఓపిగ్గా వింటూ, నేలమీద వేలితో గీతలు గీసి అడిగేవాడు. నా జీవితంలో నన్ను ఒక విషయం తెలిసినవాడిగా చూసిన మొదటి మనిషి అతనే.

1990 ఆగస్టులో కువైట్ మీదికి ఇరాక్ సైన్యం వచ్చింది. షరఫియా పేటలో దుకాణాల ముందు మనవాళ్లంతా రేడియోల చుట్టూ మూగారు. యుద్ధం మాకు చాలా దూరం. మా కోచ్ గుండెకు మాత్రం అది పక్క వీధే. వారం తిరగకుండా సెలవు చీటీతో వచ్చాడు.

"అమ్మాయి పుట్టువెంట్రుకలు తీయించాలయ్యా. తిరుపతి మొక్కు, ఎప్పట్నుంచో ఉండిపోయింది" అన్నాడు.

ఆయన కూతురు అప్పటికి ఇంటర్ చదువుతోంది. నా పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంది కాబట్టి నాకు ఏ దేవుడికీ మొక్కు లేకపోయింది.

కాలేజీ ముదీర్, అంటే డైరెక్టరు, నన్ను గదిలోకి పిలిచాడు. కోచ్ వచ్చేదాకా జట్టును నువ్వే చూసుకో అన్నాడు. ఆ పైన ఇంకో మాట అన్నాడు: కప్పు తెస్తే కఫీల్‌తో మాట్లాడి నిన్ను కాలేజీకి మార్పిస్తాను, ఇకామాలో ఆమిల్ తీయించి కోచ్ అని రాయిస్తాను. ఆ ఒక్క పదం కోసం నేను అగ్గిలో దూకమన్నా దూకేవాడిని.

యుద్ధానికి దగ్గరగా ఉన్న తూర్పు ఊళ్ల నుంచి కుటుంబాలు తరలివస్తాయని హాలు నిండా పరుపులు పేర్చారు. మేం బయట సిమెంటు కోర్టులో ఎండకు మాడుతూ ఆడాం. గ్యాస్ మాస్కులు వచ్చిన అట్టపెట్టెలను వరసగా పెట్టి వాటి మధ్య నుంచి బంతి కొట్టించేవాణ్ని. అటు బాంబులు పడటం మొదలయ్యాక కొన్నాళ్లు పోటీలు ఆగాయి, మళ్లీ మొదలయ్యాయి. కోచ్ లేనప్పుడు అసిస్టెంట్ నిలబడవచ్చు. మొదటి మ్యాచ్‌లో గీత పక్కన నిలబడి అరిచాను. నా ముక్కల అరబ్బీకి ప్రేక్షకులు నవ్వారు. కుర్రాళ్లు నవ్వలేదు. వరసగా గెలుస్తూ ఫైనల్‌కు చేరాం. నాకు ఎంత సంతోషమంటే, బలద్ సంతలో తిరిగి ఇత్తడి విజిల్ ఒకటి కొనుక్కున్నాను.

యుద్ధం ముగిసింది. ఫైనల్ ఇంకో పది రోజులుందనగా కోచ్ దిగాడు. చేతిలో పూతరేకుల డబ్బా, నెత్తిన నున్నటి గుండు. కూతురి మొక్కు సంగతేమో గానీ గుండు మాత్రం ఆయనదే.

"బాగా నెట్టుకొచ్చావయ్యా. ఇక నువ్వు కూర్చో, నేనొచ్చేశాగా" అన్నాడు.

ముదీర్‌ను కలిశాను. కాగితాల్లో కోచ్ ఆయనే, ఆయనే నిలబడాలి అన్నాడు. మరి మీరన్న మాట? కప్పు రానీ, చూద్దాం అన్నాడు. కప్పు వస్తే అది గుండు ఖాతాలోకి పోతుంది. ఓడితే? ఇన్నాళ్లూ గెలిచిన జట్టు ఆయన రాగానే ఓడితే అసలు కోచ్ ఎవరో పశువుకైనా అర్థమవుతుంది. ఫైనల్ రోజు తువ్వాలును నాలుగు మడతలు పెట్టి మోకాళ్ల మీద వేసుకుని కూర్చున్నాను.

"ఏం చేద్దామయ్యా?" కోచ్ వెనక్కి జరిగాడు.

"ఏం తోస్తలేదు సార్. మీరే చూడుండ్రి."

ఆ గుండు మీద చెమట ధారలు కట్టడం నేను కడుపారా చూశాను. ఆయన "రన్! రన్!" అంటూనే ఉన్నాడు. పాపం, కుర్రాళ్లు ఎటు పరుగెత్తాలో తెలియక అన్ని వైపులా పరుగెత్తారు. అయినా చివరి దాకా రెండు మూడు పాయింట్ల తేడాతో వేలాడారు. అవతలి జట్టు బలమంతా ఒక పొడుగాటివాడు. వాడి మీద అప్పటికే నాలుగు ఫౌళ్లున్నాయి. మావాళ్లెవరూ గమనించలేదు, నేను లెక్కపెట్టాను. బంతితో నేరుగా వాడి మీదికి దూసుకుపోతే ఐదోది పడేది, వాడు బయటికి పోయేవాడు. చెప్పాల్సింది ఒక్క వాక్యం.

చివరి టైమ్‌అవుట్‌లో కెప్టెన్ కోచ్‌ను దాటుకుని వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒగరుస్తూ, "మిస్టర్, తకల్లమ్" అన్నాడు. మాట్లాడు అని. నేను నీళ్ల సీసా అందించాను. అతను సీసా తీసుకోలేదు. నా మొహం చూసి లేచిపోయాడు. మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. రింగుకు తగిలి వచ్చిన చివరి బంతిని పట్టుకున్నది ఆ పొడుగాటివాడే.

మర్నాడు ముదీర్ కోచ్‌నూ, నన్నూ, కెప్టెన్‌నూ పిలిపించాడు. నా పథకం పారింది. ఈయన నడిపినన్నాళ్లూ గెలిచారు, ఆయన రాగానే ఓడారు, నాకు కళ్లున్నాయి అన్నాడు ముదీర్. నా ఇకామా మార్పు కాగితం బల్ల మీదే ఉంది. కోచ్ పూతరేకు నమలడం ఆపి నేల చూపులు చూశాడు. ముదీర్ కెప్టెన్ వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు. వచ్చే ఏడు మీ జట్టుకు ఎవరు కావాలి?"

కెప్టెన్ నావైపు చూడలేదు. "కోచ్‌కు ఆట రాదు. మా అందరికీ తెలుసు" అన్నాడు. "ఈయనకు వచ్చు. నిన్న అడిగాను. తెలిసీ చెప్పలేదు. కోచ్‌నే ఉండనివ్వండి."

ముదీర్ ఆ కాగితాన్ని సొరుగులో పెట్టేశాడు.

వరండాలో కోచ్ నా భుజం తట్టాడు. "పోన్లేవయ్యా, ఏం బాధపడకు. మనోడివి, నేనున్నాగా" అన్నాడు. పైగా మిగిలిన పూతరేకులు నా చేతిలో పెట్టాడు.

ఆ మనిషి మీద నాకున్న చులకన ఈ రోజుకీ వీసమెత్తు తగ్గలేదు. కాకపోతే ఆయనకు రానిది ఆట ఒక్కటే. కెప్టెన్ చదువు ముగించుకుని ఆ వేసవిలో నజ్రాన్ వెళ్లిపోయాడు, వెళ్లేముందు నాకు కనిపించలేదు. కొత్త సీజన్‌లో మొదటి మ్యాచ్ మొదలైన ఐదు నిమిషాలకు కోచ్ బెంచీ దగ్గరికి జరిగి, "ఏం చేద్దామయ్యా?" అన్నాడు. తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకుని, అడిగినదానికీ అడగనిదానికీ అన్నీ చెప్పాను.