బాలింత నీళ్ళు

మా గీజరు ముహూర్తం చూసుకుని మరీ చెడిపోయింది. మా అమ్మాయి తొలి కాన్పుకి ఉదయగిరి వచ్చి ఉంది. ఆసుపత్రి నుంచి బిడ్డతో ఇంటికి చేరి వారం కూడా కాలేదు. బాలింతకు నీళ్ళు ఒళ్ళు చుర్రుమనేలా పోయాలని మా పట్టుదల. అందుకని తెల్లవారకముందే స్విచ్ వేసి మధ్యాహ్నం దాకా ఆపేవాళ్ళం కాదు. పాత గీజరు ఎంతని ఓర్చుకుంటుంది? ఒక చలి పొద్దున కుళాయి తిప్పితే చన్నీళ్ళు వచ్చాయి.

మెకానిక్ వచ్చి రాడ్ బయటికి లాగితే, దాని చుట్టూ సున్నం రాయిలా పేరుకుని ఉంది. మావి బోరు నీళ్ళు, అంత ఉప్పన.

"రాడ్ మారిస్తే పనిచేస్తాదమ్మా. కానీ ట్యాంకు అడుగు తుప్పు పట్టుండాది. ఎన్నాళ్ళొస్తాదో చెప్పలేను" అన్నాడు.

కొత్తది కొందామన్నాను నేను. మావారు విరిగిన గొడుగుని కూడా అటక మీద దాచుకునే మనిషి. "ట్యాంకుకి ఏంది, గట్టిగానే ఉండాది" అన్నారు. రోజంతా వాదించుకున్నాక ఆయన మాటే చెల్లింది, రాడ్ మాత్రం మార్పించారు. మర్నాటికి బాత్రూము గోడ వెంట నీళ్ళు కారుతున్నాయి. నేను పల్లెత్తు మాట అనలేదు. ఆయనకు అదే ఎక్కువ భయం.

అమ్మాయి ఈ సంగతి ఫోనులో అత్తగారికి చెప్పేసింది. ఆత్మకూరు నుంచి ఆమె వెంటనే నాకు ఫోన్ చేసి, "వదినా, రేపు పొద్దున బస్సుకి వస్తా ఉండాను" అని పెట్టేశారు.

వాళ్ళింట్లో మంచి గీజరు ఉంది. తల్లీబిడ్డల్ని తీసుకుపోవడానికే వస్తున్నారనుకున్నాను. మూడో నెల రాకుండా బాలింతను పంపితే, కూతురికి తొలి కాన్పు కూడా సరిగ్గా చేయలేదనే మాట వస్తుంది. మాట వస్తే రానీ, ఆ బిడ్డ లేని ఇల్లు తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చింది. అయినా అమ్మాయి బట్టలు మడతపెట్టి సంచిలో సర్దాను.

వియ్యపురాలు వచ్చారు. కాళ్ళు కడుక్కుని, చేతిలో ఉన్న వావిలాకు మూటతో నేరుగా పెరట్లోకి నడిచారు.

"పెద్ద డేగిసా ఉండాదా వదినా? గీజరు నీళ్ళు మనకి సరిపోతాయి గానీ బాలింతకి చాలవు."

మూడు రాళ్ళు పెట్టి మంట చేశారు. నీళ్ళల్లో ఆకు వేశారు. పెరటి వాకిట్లో తచ్చాడుతున్న మావారిని చూసి, "అన్నా, ఆ పాతది తీయించేసి కొత్తది తెండి" అన్నారు. నేను రోజంతా చెప్పినా వినని మనిషి, మారు మాట్లాడకుండా చెప్పులేసుకున్నారు.

నీళ్ళు మరిగాక బకెట్ నా ముందు పెట్టారు. "నువ్వే పొయ్" అన్నారు.

ఉండబట్టలేక అడిగేశాను. "పిల్లని పిలుచుకోని పోయేదానికి వచ్చినారేమో అనుకున్నాను వదినా."

ఆమె మంటలోకి కట్టె ఎగదోస్తూ, "నా కాన్పుకి నీళ్ళు పోసేదానికి మా అమ్మ లేదు. పిల్లకి నువ్వుండావు. నేనెట్టా పిలుచుకోని పోతాను?" అన్నారు.

అమ్మాయికి పోయడం అయ్యాక డేగిసాలో మిగిలిన నీళ్ళకి చన్నీళ్ళు కలిపాను. వద్దు వద్దంటున్నా వినకుండా ఆమెను పీట మీద కూర్చోబెట్టి, వీపు మీద నేనే నీళ్ళు పోశాను.