గోధుమ తగలని పెనం

నాకో దుర్గుణం ఉంది. నా వంటకు ఎవరైనా వంక పెడితే ఒళ్ళు మండుతుంది. పెళ్ళైన కొత్తలో మా ఆయన పప్పులో ఉప్పు తక్కువైందన్నందుకు రెండు రోజులు మాట్లాడలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది.

పోయినేడు మా అమ్మాయికి ఏడేళ్ళు. ఎంత పెట్టినా ఒంటికి పట్టకపోతుంటే డాక్టరుకు చూపించాం. పరీక్షలన్నీ చేసి, గోధుమ దీని కడుపుకు పడదని తేల్చాడాయన. రవ్వంత కూడా పడదు, జీవితాంతం పడదు. ఆ రోజు నుంచీ పిల్లకు ఒక అలవాటు పట్టుకుంది. ఏది పెట్టినా నోటిదాకా తీసుకెళ్ళి ఆగిపోయి, "అమ్మా, ఇది నేను తినచ్చా?" అని అడిగేది. పెరుగన్నానికి అడిగేది, అరటిపండుకూ అడిగేది. మొదట్లో ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాను. పోనుపోను ఆ మాట వినలేకపోయాను. కన్నతల్లి చేతి ముద్దకు పిల్ల భయపడడం ఏమిటి? ఏమైనా సరే, దాని నోట ఆ ప్రశ్న లేకుండా చేయాలని పట్టుబట్టాను.

బళ్ళో పక్క పిల్ల డబ్బాలో పాన్‌కేకులు చూసి వచ్చిందట. తనకూ కావాలంది. గల్ఫులో మేముండే హూరా పేటలో వీధికి నాలుగు కోల్డ్ స్టోర్లు, అంటే కిరాణా కొట్లు. ఒకదాంట్లో గోధుమ లేని పిండి డబ్బా దొరికింది. దాంతో చేస్తే అట్టముక్క నమిలినట్టుంది. ఆ డబ్బా అవతల పారేసి నేనే చేద్దామనుకున్నాను. చిలగడదుంప మెత్తగా ఉంటుంది, తియ్యగా ఉంటుంది, పిండిని పట్టి ఉంచుతుంది. మా ఇంట్లో శివరాత్రికి తప్ప గుర్తురాని దుంప అది.

"మోరంగడ్డతోని అట్లేంది? ఉడకబెట్టి ఇయ్యరాదు?" అన్నాడు మా ఆయన. సఖీర్‌లో యూనివర్సిటీ బస్సు నడుపుతాడు. శుక్రవారం సెలవు, అందుకని సలహాలివ్వడానికి తీరిక.

"మీరు జర ఊకోండ్రి," అన్నాను.

కొట్లో బియ్యప్పిండి నమ్మబుద్ధి కాలేదు. అక్కడ గోధుమపిండి పక్కనే అన్నీ మర పడతారు. బియ్యం కడిగి నానబెట్టి, బాల్కనీలో ఆరేస్తే ఇసుక పడుతుందని హాల్లో ఫ్యాను కింద పాత చీర మీద ఆరబోసి, అరిసెలకు పట్టినట్టు ఇంట్లో మిక్సీలోనే తడిపిండి పట్టాను. మొదటిసారి దుంపలు నీళ్ళలో ఉడికించాను. అవి నీళ్ళు పీల్చుకుని పిండి జావయింది. తిప్పబోతే అట్టు ముక్కలైంది. మరో శుక్రవారం ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఉడికించి, వేడిగా ఉండగానే తొక్క తీసి మెదిపి, గుడ్డు, తడిపిండి, బెల్లం, యాలకుల పొడి కలిపి కాసేపు పక్కన పెట్టాను. పెనం మీద అరచేయంత పోసి, సన్న సెగ మీద మూత పెట్టాను. ఈసారి పొంగి, నారింజ రంగులో, అంచుల్లో ఎర్రగా కాలి చక్కగా లేచొచ్చాయి.

"అమ్మా, ఇది నేను తినచ్చా?"

"నీ కోసమే చేసిన బిడ్డా, కడుపునిండ తిను."

తిన్నది. మధ్యాహ్నానికల్లా సోఫాలో ముడుచుకుని పడుకుని, "కడుపు నొస్తుంది," అంది. కాసేపు నా ముఖంలోకి చూసి, "నువ్వు తినచ్చన్నవ్ గదా," అంది. కోపంగా కూడా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

"ఖలాస్. ఇగ బంద్ జెయ్," అన్నాడు మా ఆయన. "అన్నం, పెరుగు పెడుదం. గవే చాలు." గుడ్డు చూశాను, బెల్లం చూశాను, యాలకుల పొడి సీసా మూడుసార్లు వాసన చూశాను. తప్పు ఎక్కడుందో అంతుపట్టలేదు.

మర్నాడు పొద్దున మా ఆయనకు చపాతీలు కాలుస్తూ, పెనానికి నూనె రాయడానికి ఉల్లిగడ్డ అందుకున్నాను. సగం కోసి ఫోర్కుకు గుచ్చి పొయ్యి పక్కనే పెట్టుకుంటాను, అట్లకైనా చపాతీలకైనా అదే. కిటికీ వెలుతురులో ఆ ఉల్లిగడ్డ ముఖం నిండా గోధుమరంగు పొడి కనిపించింది. మాడిన చపాతీ పిండి. నిన్న పిల్ల అట్లకూ పెనానికి రాసింది దీన్నే.

ఆ పెనం మా అమ్మ ఇచ్చింది. చీరలో చుట్టి, సూట్‌కేసు అడుగున పెట్టుకుని తెచ్చుకున్నాను. "సబ్బు తగలనియ్యకు బిడ్డా, గుడ్డతోని తుడువు," అని చెప్పి మరీ ఇచ్చింది. ఒక్కనాడూ సబ్బు తగలనివ్వలేదు. దాని నునుపు చూసి వచ్చినవాళ్ళందరి దగ్గరా గొప్పలు పోయాను. ఇన్నేళ్ళ చపాతీలూ ఆ నునుపులోనే ఉన్నాయి. పొయ్యి ఆపేసి, వంటింట్లో కింద కూర్చుని ఏడ్చాను. తర్వాత ముఖం కడుక్కుని లేచాను.

పెనాన్ని ఎదురు ఫ్లాటులో ఉండే, మేము ఆపా అని పిలిచే హైదరాబాదు అక్కకు ఇచ్చేశాను. ఉత్త పెనం ఇవ్వకూడదని నాలుగు దుంపలు పెట్టి ఇచ్చాను. "అరె, ఇంత మంచి పెనం ఎందుకిస్తున్నవమ్మా?" అందావిడ. సంగతి చెప్పాను. ఆ తర్వాత మా పిల్లకు ఆమె పంపేవన్నీ తొక్కతో ఉన్న పండ్లే.

ఇంట్లో గోధుమపిండి ఇక అడుగు పెట్టదని మా ఆయనకు చెప్పేశాను. షుగరు మనిషి, చపాతీ లేకపోతే ఎలా అంటాడేమో అని జవాబులు సిద్ధం చేసుకున్నాను. "జొన్నరొట్టె చెయ్యి, చిన్నప్పుడు తిన్నదే గద," అన్నాడంతే. ఆ మనిషి మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

సూక్ బజారులో కొత్త ఇనుప పెనం కొన్నాను. రోజూ గంజి పోసి నానబెట్టి, తోమి, నూనె రాసి, ఉల్లిగడ్డ ముక్కలు మాడ్చాను. అయినా అది నా మాట వినలేదు. పోసిన ప్రతి అట్టూ అంటుకునేది. అట్లకాడతో గీకుతూ దాన్ని తిట్టేదాన్ని, మళ్ళీ పోసేదాన్ని. పిల్లను పక్కన స్టూలు వేసి నిలబెట్టుకున్నాను. బియ్యం అదే కడిగింది, దుంపలు అదే మెదిపింది. చేతులారా చేస్తే నమ్మకం కుదురుతుందని నా ఆశ. అయినా తినేముందు ఆగి అడిగింది. ఆ రోజంతా ఏ పనీ తోచక దాని ముఖమే చూస్తూ కూర్చున్నాను. సాయంత్రం దాకా ఆడుకుంది. నొప్పి లేదు. మరో రెండు శుక్రవారాలూ అడగడం మాత్రం మానలేదు.

ఆ తర్వాతి శుక్రవారం పెనం కాస్త దారికొచ్చింది. ఒకటి చిరిగితే తీసి పళ్ళెంలో వేశాను. రెండోది తిప్పుతూ ఉంటే వెనకనుంచి నమిలే చప్పుడు వినిపించింది. చూస్తే ఆ చిరిగిన ముక్క దాని చేతిలో ఉంది, సగం నోట్లో ఉంది. నన్నేమీ అడగలేదు. మింగి, ముఖం చిట్లించి, "అమ్మా, బెల్లం తక్కువైంది," అంది.

హాల్లో మా ఆయన పేపరు దించి, నేను ఏమంటానోనని భయంగా చూశాడు. నేను బెల్లం డబ్బా తెచ్చి, మూత తీసి, దాని చేతికే ఇచ్చాను.