అమ్మకు వేసిన డ్యూటీ

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథ చివర నేను పూర్తిగా మట్టి కరుస్తాను. కాబట్టి మధ్యలో ఎక్కడైనా నా తెలివి చూసి మీకు ముచ్చటేస్తే, తొందరపడి మెచ్చుకోకండి. కాసేపు ఓపిక పట్టండి, దాని సంగతి మీకే తెలుస్తుంది.

దుబాయ్‌లో, అల్ వర్సాన్‌లోని ఒక లేబర్ క్యాంపులో నేను టైం కీపర్ని. ఎవరు ఎన్నింటికి లేచారు, ఎవరు ఏ బస్సెక్కారు, ఎవరికి ఏ రోజు సెలవు, అన్నీ నా డ్యూటీ షీటులోనే ఉంటాయి. ఆరువందల మందిని ఒక్క కాగితం మీద నిలబెట్టగలనని నాకు మహా గర్వంగా ఉండేది. ఆరువందల ఒకటో మనిషి దగ్గర ఆ గర్వం కాస్తా నేల మీద పడింది. ఆ మనిషి మా అమ్మ.

మా బిల్డింగు గురించి ఒక మాట చెప్పాలి. చంటిపిల్లలున్న ప్రతి ఫ్లాటులోనూ విజిట్ వీసా మీద వచ్చిన ఒక నానమ్మో అమ్మమ్మో ఉంటుంది. రెండు నెలలు ఆయన తల్లి, రెండు నెలలు ఆమె తల్లి. ఈమె దిగే వారం ఆమె ఎక్కుతుంది. లిఫ్టులో కలిసిన మగవాళ్ళం వాతావరణం గురించి మాట్లాడుకున్నంత మామూలుగా, "మీకు ఇప్పుడు ఎవరు నడుస్తున్నారు?" "మాకు అత్తగారు నడుస్తోంది, మీకు?" అని పలకరించుకుంటాం. ఇందులో సిగ్గుపడాల్సిందేదో ఉందని అప్పట్లో ఎవరికీ తోచలేదు. నాకైతే అసలే తోచలేదు.

మూడేళ్ళ కిందటి ఎండాకాలంలో మాకు అమ్మ నడుస్తోంది. మా పాప చిన్నికి పద్నాలుగో నెల. నా భార్య సౌజన్య ఎంతో కాలం తిరిగి సంపాదించుకున్న పళ్ళ డాక్టరు దగ్గరి రిసెప్షన్ ఉద్యోగంలో మళ్ళీ చేరింది. ఆమెకున్న సెలవులన్నీ కాన్పుకే అయిపోయాయి. ఇంట్లో పాపను చూసుకునే మనిషి ఒక్క నెల లేకపోయినా ఆ ఉద్యోగం ఉండదు. అంటే మా ఇల్లు మొత్తం ఇద్దరు తల్లుల మీద నిలబడి ఉంది. అలాంటి చోట నిలబడ్డవాడు మెదలకుండా ఉండాలి. నేను మెదిలాను.

మా అమ్మ పేరు లచ్చవ్వ. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో ముప్పై ఏళ్ళు బీడీలు చుట్టి నన్ను చదివించింది. ఆమె వచ్చిన రోజు నుంచి నేను లేచేసరికి చాయ్, తయారయ్యేసరికి రొట్టెల డబ్బా, సాయంత్రానికి మడత పెట్టిన బనీన్లు ఉండేవి. ఇవన్నీ ఎవరు చేస్తున్నారని నేను ఆలోచించలేదు. బనీన్లు ఆరాక వాటంతటవే మడత పడతాయని నా నమ్మకం. నాకు కనిపించింది ఒకటే లోపం. అమ్మ పాపను సాయంత్రం ఐదింటికి నిద్రపుచ్చేది. అది తొమ్మిదింటికి లేచి, నేను పడుకునే వేళకు నా ముక్కు పట్టుకుని ఆడేది.

"ఈ ఇంట్లో సిస్టం లేదు" అని తేల్చాను.

ఒక శుక్రవారం ఆఫీసులో కూర్చుని, క్యాంపు షీటు నమూనాలోనే, తెలుగులో, నిలువు గీతలూ అడ్డగీతలూ గీసి ఒక కాగితం తయారు చేశాను. పేరు: లచ్చవ్వ. హోదా: పాప ఇన్‌ఛార్జి. డ్యూటీ: ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఏడు. పనులు: పాప పాలు, పాప స్నానం, పాప ఆట, పాప నిద్ర (మధ్యాహ్నం మాత్రమే). వారం సెలవు: తర్వాత చూద్దామని ఆ గడి ఖాళీగా వదిలాను. కింద ఒక పక్క ఉద్యోగి సంతకం, ఇంకో పక్క ఆమోదించిన అధికారి సంతకం. అధికారిని నేనే. పాఠకులారా, ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో కూడా పెట్టించాను, తడిస్తే పాడవుతుందని.

ఫ్రిజ్‌కు అంటిస్తుంటే సౌజన్య చూసింది.

"నరేష్, నీకేమన్న పిచ్చా? అత్తమ్మ చూడకముందే తీసెయ్."

"సిస్టం ఉంటే అమ్మకే అల్కగైతది సౌజన్యా. నీకు తెల్వది, నేను ఆరువందల మందిని చూస్తున్న."

"ఆ ఆరువందల మందిల నిన్ను కన్నోళ్ళు ఎందరున్నరు?"

ఇలాంటి ప్రశ్నలకు నా షీటులో గడి ఉండదు, కాబట్టి వినిపించుకోలేదు. అమ్మ అద్దాలు పెట్టుకుని కాగితం మొత్తం చదివింది. రెండోసారి కూడా చదివింది.

"ఇండ్ల నేను బువ్వ తినే టైం ఏడ రాసినవ్ కొడుకా?"

"పాప పన్నప్పుడు తిను అమ్మా. దానికి టైమెందుకు?"

"ఆఁ" అంది అమ్మ. "పెన్నియ్యి."

సంతకం పెట్టింది. నేను సౌజన్య వైపు 'చూశావా' అన్నట్టు కనుబొమ్మలెగరేశాను. బీడీల కార్ఖానాలో ముప్పై ఏళ్ళు కాగితాల మీద సంతకాలు పెట్టిన మనిషి దేని మీదా ఊరికే పెట్టదని నాకప్పుడు తట్టలేదు.

మర్నాడు లేచాను. చాయ్ లేదు. అమ్మ సోఫాలో కాళ్ళు చాపుకుని గడియారం చూస్తోంది.

"అమ్మా, చాయ్?"

"డ్యూటీ ఏడింటికి గద. ఇంక ఇరవై నిమిషాలున్నది."

"డబ్బాల రొట్టెలు?"

"కాయిదంల సూసిన బిడ్డా. పాప పాలు, పాప తానం, పాప ఆట, పాప నిద్ర. నువ్వు పాపవా?"

ఆ రోజు క్యాంపు మెస్సులో పప్పన్నం తిన్నాను. సాయంత్రం ఐదున్నరకు ఇంటికొచ్చి, రోజూలాగే సోఫాలో పడి ఫోన్ చూసుకుంటున్నాను. సరిగ్గా ఏడు కాగానే సగం తుడిచిన, డైపర్ లేని మా చిన్నిని అమ్మ నా ఒళ్ళో కూర్చోబెట్టింది.

"డ్యూటీ ఖలాస్" అంది.

ఈ మాట ఆమెకు ఎవరు నేర్పారో ఇప్పటికీ తెలియదు. మిగతాది చిన్ని నా ప్యాంటు మీద పూర్తి చేసింది.

వారం తిరిగేసరికి నా బనీన్లు కుర్చీ మీద కొండలా పెరిగాయి. అయినా నేను లొంగలేదు. 'కొత్తలో అందరూ ఇంతే, అలవాటవుతుంది' అనుకున్నాను. ఈలోగా ఆదివారం గంగన్న వచ్చాడు. గంగన్న మా క్యాంపులో ప్లంబరు, మా పక్క ఊరివాడు, అమ్మను చూసిపోదామని పళ్ళు పట్టుకొచ్చాడు. మంచినీళ్ళకు ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి అక్కడే ఆగిపోయాడు.

"సారూ, గిది మన క్యాంపు షీటు గదా! అమ్మకు సుత ఏసినవా?"

నేను దగ్గాను. గంగన్న నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నాడు. తర్వాత ముఖం గంభీరంగా పెట్టి అమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, ఎండకాలంల పన్నెండున్నర నుంచి మూడు దాంక బయటి పని బంద్. గిది ఈడి సర్కారు రూలు. సారు చెప్పలేదా?"

"నాది ఇంట్ల పని గదయ్యా."

"బాల్కనీల బట్టలు ఆరేస్తలేవా?"

"పాపయి ఆరేస్తున్న."

"గట్లయితె నీకు సుత వర్తిస్తది. మరి వారానికొక్క ఆఫ్ ఎప్పుడు?"

అమ్మ నా వైపు చూసింది. "ఆఫ్ అంటే ఏంది కొడుకా?" అని ఎంత అమాయకంగా అడిగిందంటే, నాకు ముచ్చెమటలు పోశాయి.

సోమవారం పొద్దున క్యాంపులో బస్సుల దగ్గర లైను కట్టిన వాళ్ళంతా నన్ను చూసి తలలు వంచి నవ్వుకున్నారు. ఫ్రిజ్ మీది కాగితం ఫొటో గంగన్న ఫోన్లోంచి బయల్దేరి, నాకంటే ముందే ప్రతి గదికీ చేరింది. హాజరు వేసుకుంటూ ఒకడు, "సార్, అమ్మకు ఆఫ్ మంజూరయిందా?" అని చాలా వినయంగా అడిగాడు. తల కొట్టేసినట్టయింది.

నా ఆశంతా సౌజన్య తల్లి, మా అత్తమ్మ మీదే పెట్టుకున్నాను. టికెట్ దొరికిన రోజును బట్టి, అమ్మ వెళ్ళడానికి పది రోజుల ముందే ఆమె వచ్చింది. ఆమె ఆర్మూర్‌లో అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరైంది, రిజిస్టర్ల విలువ తెలిసిన మనిషి. పైగా మా పెళ్ళిలో మావాళ్ళ బస్సుకు బగారన్నం చల్లారాక వడ్డించారని అమ్మకు కోపం. నాలుగేళ్ళుగా వియ్యపురాళ్ళిద్దరి మధ్యా ముక్తసరి మాటలే నడుస్తున్నాయి. కాబట్టి అత్తమ్మ నా పక్షమేనని లెక్కేశాను.

అత్తమ్మ సూట్‌కేసు కూడా విప్పకుండా కాగితం చదివింది.

"అల్లుడూ, ఈ వారం సెలవు గడి ఖాళీగ ఇడిసిపెట్టిండ్రేంది? ఖాళీ గడి కనవడితే మా సూపర్‌వైజరు మెమో ఇస్తుండె" అంది. తన సంచిలోంచి తనే పెన్ను తీసి 'గురువారం' అని గుండ్రంగా రాసింది. కింద తన సంతకం కూడా పెట్టింది. తర్వాత, "ఏమంటవ్ వదినే?" అంది.

"ఇంకేమంట వదినే, ఇద్దరం కలిసే పోదాం" అంది అమ్మ. నాలుగేళ్ళ బగారన్నం ఆ క్షణంలో అరిగిపోయింది.

గురువారం హెడ్డాఫీసు నుంచి ముదీర్, అంటే మా పెద్ద మేనేజరు, క్యాంపు తనిఖీకి వస్తాడు. ఆ మాట చెప్పి బతిమాలాను. తల్లులిద్దరూ తలలకు నూనె రాసుకుని, సంచులు తగిలించుకుని, దుబాయ్ క్రీకు కాలువలో పడవ ఎక్కడానికి ఎనిమిదింటికే బయల్దేరారు. సౌజన్య చెప్పులేసుకుంటూ, "నేను ఈ ఒక్కరోజు ఆగినా నా నౌకరి పోతది నరేష్. సిస్టం నీది, పాప నీది" అని వెళ్ళిపోయింది.

పాపను ఎత్తుకుని ఆఫీసుకెళ్ళాను. పది గంటలకు హాజరు పట్టీ ఇవ్వాలి. చిన్ని తొమ్మిదింటికి దాని మీద పాలు కక్కింది, తొమ్మిదిన్నరకు మిగిలిన సగం నమిలింది, తర్వాత అమ్మమ్మా నానమ్మా ఏరని పైకప్పు ఎగిరిపోయేలా ఏడుపు అందుకుంది. గంగన్న పైపు ముక్క మీద పానాతో వాయిస్తూ దాన్ని ఆడిస్తుండగా ముదీర్ లోపలికొచ్చాడు. కోపమొస్తే అరవకుండా నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆ రోజు మరీ నెమ్మదిగా మాట్లాడాడు.

"యే కౌన్ హై?"

"మేరీ బేటీ హై సార్."

"సునా హై తుమ్‌నే అప్నీ మా కా డ్యూటీ షీట్ బనాయా."

అమ్మకు డ్యూటీ షీటు వేసిన సంగతి ఆయన దాకా వెళ్ళింది. భూమి చీలితే బాగుండుననిపించింది. ఆయన నానిన హాజరు పట్టీని రెండు వేళ్ళతో ఎత్తి చూసి, మళ్ళీ బల్ల మీద పెట్టాడు. తన తల్లి కూడా ఇలాగే పిల్లల కోసం వచ్చిందన్నాడు. రెండు నెలలూ ఒక్కరోజు కూడా ఇల్లు దాటనివ్వలేదట. "దోబారా నహీఁ ఆయీ" అన్నాడు. మళ్ళీ రాలేదు, పిలిచినా రాలేదు. "ఘర్ జావ్. యల్లా" అని నన్ను ఇంటికి పంపేశాడు.

దారి పొడుగునా 'మళ్ళీ రాలేదు' అన్న మాటే చెవిలో ఉంది. అమ్మ మళ్ళీ రాకపోతే సౌజన్య ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, లేదనను. కానీ అంతకంటే పెద్ద భయం ఇంకొకటి పట్టుకుంది. నా తల్లి నా ఇంటికి రావడానికి ఇష్టపడని రోజు వస్తే నా బతుకేమిటి? నిజంగా ఏడుపొచ్చింది. చిన్నీ ఏడుస్తోంది కాబట్టి ట్యాక్సీ డ్రైవరుకు తేడా తెలియలేదు.

సాయంత్రం తల్లులిద్దరూ చేతులు పట్టుకుని నవ్వుతూ వచ్చారు. అప్పటికి నేను కాగితం చింపి, చెవులు పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాను.

"అమ్మా, తప్పయింది. గా కాయిదం రాయద్దుండె."

"కాయిదంకేమైంది, మంచిగనే రాసినవ్" అంది అమ్మ, చిన్ని డైపర్ ముందుది వెనక్కి ఉంటే సరిచేస్తూ. "అన్ని గడులున్నయి. నేను నీకు అమ్మనన్న ముచ్చటొక్కటే లేదు."

చింపిన కాగితం ముక్కలు జేబులో కుక్కుకున్నాను.

"వీసా పంపినవ్, టికెట్ పంపినవ్. 'అమ్మా, జర ఆసరయితవా' అని ఒక్కసారన్న అడిగినవా? అడిగితె కాదంటనా బిడ్డా? నీ పిల్లను సూసుడు నాకు పండుగ. పండుగకు గీతలు గీస్తరా ఎవలన్న?"

అత్తమ్మ కళ్ళొత్తుకుంది. నేనైతే దాచుకోకుండా ఏడ్చాను. అమ్మ నా తల నిమిరి, ఆ నిమురుతున్న చేత్తోనే నెత్తి మీద ఒక్కటేసింది.

"నాది సుత తప్పున్నది. పుట్టినకాన్నుంచి నీ కంచం నీతోటి ఎత్తియ్యలె. నేర్పాల్సినదాన్ని నేర్పకుంట ఇడిసిపెట్టిన. ఇంకో వారం ఉన్న గద, నేర్పిపోత. లే."

ఆ వారం సంగతి వివరంగా చెప్పను. ఉల్లిగడ్డలు, అంట్ల గిన్నెలు, మాడిన పోపు, సబ్బు నురుగులో నా బనీన్లు. వంటింటి గుమ్మంలో రెండు కుర్చీలు, వాటిలో ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు. ఆరువందల మంది మీద అజమాయిషీ చేసేవాణ్ణి, చింతపండు ఎంత నానబెట్టాలో చేయెత్తి అడిగేవాణ్ణి.

అమ్మ వెళ్ళే రోజు అందరం ఎయిర్‌పోర్టుకు వెళ్ళాం. "అమ్మా, మళ్ళ అస్తవా?" అని అడిగాను. జీవితంలో మొదటిసారి, నిజంగా అడిగాను. "పిలిస్తె ఎందుకు రాను" అంది. తర్వాత అత్తమ్మను పక్కకు పిలిచింది. పాప పాల సంగతీ నిద్ర సంగతీ అప్పజెప్తుందనుకుని నేనూ చెవి అటు వేశాను.

"వదినే, పోరడు పప్పుచారు మంచిగనే వండుతుండు. అంట్లు పర్వాలేదు. బట్టల కాలర్లు రుద్దుమంటె మాత్రం దొంగపని చేస్తడు, జర కన్నేసి పెట్టు. ఆని మాటలల్ల పడకు" అంది.

పాప గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

కాబట్టి, చదువుతున్న మీ అందరి సాక్షిగా, కుడిచేత గరిటె పట్టుకుని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. నన్ను కన్నవాళ్ళ పేర్లు గానీ, నా భార్యను కన్నవాళ్ళ పేర్లు గానీ ప్రాణం పోయినా గడుల్లో రాయను. వాళ్ళను అడిగి పిలుస్తాను. రామంటే ఊరుకుంటాను. వస్తే వారంలో ఏడు రోజులూ ఆఫేనని ఒప్పుకుంటాను. అసలు ఈ ఇంట్లో టైం అనే మాటే ఇక...

"రాసింది చాలు గని" అని సౌజన్య ముందు గదిలోంచి అరుస్తోంది, "కుక్కర్ ఎన్ని విజిల్లు కొట్టింది?"

పన్నెండేళ్ళుగా టైం కీపర్ని. లెక్క తప్పాను.