మైకమ్మ నోటికి తాళం

ఆ క్లినిక్‌లో మైకు లేదు, అవసరమూ రాలేదు. ముందు కిటికీ దగ్గర కూర్చునే ఆవిడ నోరు విప్పితే చాలు, రోడ్డవతల చెప్పులు కుట్టే అతను కూడా తలెత్తి చూసేవాడు. అందుకే అందరూ ఆవిడను మైకమ్మ అనేవారు. ఆవిడ అసలు పేరు, జీతమిచ్చే డాక్టరమ్మకైనా గుర్తుందో లేదో!

మైకమ్మ కూడా మనుషుల్ని పేరు పెట్టి పిలిచేది కాదు. ఒకే పేరు పదిమందికి ఉంటుంది, జబ్బు ఎవరిది వారికే ఉంటుంది అని ఆవిడ సిద్ధాంతం.

"మోకాళ్ళ తాతయ్యా, మీరు లోపలికి రండి! షుగరు పెద్దమ్మా, పొద్దున్న ఏమైనా తిన్నారా? ఏమయ్యా మొలలబాబూ, నిలబడ్డావేం, కూర్చో!"

హాలంతా నవ్వేది. మొలలబాబు మొహం మాత్రం గోడ వైపు తిరిగేది. అలాగని ఆవిడ చెడ్డదేం కాదు, మనసు వెన్న. ముసలివాళ్ళను చెయ్యి పట్టుకుని మెట్లెక్కించేది, ఏడ్చే పసిపిల్లలను భుజాన వేసుకుని తిప్పేది. కాకపోతే నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినిపించుకునే రకం కాదనుకోండి.

పక్కింటి టైలరమ్మకూ ఆవిడకూ వదినామరదళ్ళ వరస. చుట్టరికం ఏమీ లేదు. మధ్యలో గోడ ఒకటే, మనసులు కలిశాయి, అంతే. ఆ టైలరమ్మ కొన్ని నెలలుగా చిక్కి సగమైపోతోంది. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆగిపోయి, ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చుండిపోయేది. అది చూసి మైకమ్మకు ప్రాణం ఉసూరుమనేది.

"ఏమిటే ఆ వాలకం? రేపు నాతో క్లినిక్‌కి రా. నేనున్నాగా, అందరికన్నా ముందు నిన్నే పిలుస్తా."

"నాకేం వదినా, గుండ్రాయిలా ఉన్నా," అనేది టైలరమ్మ, సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా.

ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఈ పిల్లకు ఏదో అయింది, తన కళ్ళముందే చేజారిపోతోంది అని మైకమ్మకు రాత్రులు నిద్ర పట్టేది కాదు. చేతిలో డాక్టరమ్మను పెట్టుకుని కూడా పక్కింటి మనిషిని గుమ్మం దాటించలేకపోతున్నానే అని తనను తాను తిట్టుకునేది.

అలా ఉండగా తనిఖీ వస్తోందన్న కబురొచ్చింది. రోగులకు భద్రత ఉందా, వైద్యం సరిగ్గా చేస్తున్నారా అని చూడటానికి పై ఆఫీసు నుంచి మనిషి వస్తాడట. ఇక చూడాలి కంగారు! టీకాలు పెట్టే ఫ్రిజ్‌లోంచి నర్సు అన్నం డబ్బా బయటికొచ్చింది. తేదీ దాటిన మందులు బీరువా ఖాళీ చేశాయి. మంటలార్పే ఎర్ర సిలిండరుకు ఎన్నాళ్ళుగానో వేలాడుతున్న గొడుగును ఎవరిదో కనుక్కుని ఇచ్చేశారు. మైకమ్మ తన కిటికీ అద్దాన్ని తళతళలాడేలా తుడిచి, "రానివ్వండి, ఎవరొస్తారో చూద్దాం!" అంది.

వచ్చే రోజు ఫలానా అని చెప్పారు గానీ, ఆ తనిఖీ ఆయన ముందురోజే వచ్చి, మామూలు రోగిలా వెనక బెంచీ మీద కూర్చున్నాడు. అదీ ఆయన పద్ధతి. సన్నటి మనిషి, దుమ్ము పడదో ఏమో, ఊరికే దగ్గుతున్నాడు. మైకమ్మ ఊరుకుంటుందా?

"కొత్త దగ్గుగారూ! అక్కడ నక్కి కూర్చున్నారేం, ఇటు రండి! కఫం పడుతోందా?"

హాలంతా ఆయన వైపు తిరిగింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. లేచి వచ్చి, గుర్తింపు కార్డు తీసి కిటికీలో పెట్టాడు. మైకమ్మ గబుక్కున లేచి, తళతళలాడే అద్దాన్నే మళ్ళీ తుడవసాగింది.

అన్నీ చూడటం అయ్యాక ఆయన డాక్టరమ్మ గదిలో కూర్చున్నాడు. వాడిన సూదులు పారేసే పద్ధతి బాగుంది, ఫ్రిజ్ బాగుంది, చేతులు కడుక్కునే చోటు బాగుంది అని మెచ్చుకుని, "గోప్యత ఒక్కటే లేదండీ," అన్నాడు.

"అదేం మందు బాబూ? చెప్తే ఇవాళే తెప్పించేస్తాం," అంది మైకమ్మ గుమ్మం దగ్గర్నుంచి.

డాక్టరమ్మ నెత్తి కొట్టుకుంది. ఆయన మాత్రం నవ్వలేదు. "మందు కాదమ్మా. ఎవరి జబ్బు సంగతి వాళ్ళకూ డాక్టరుకూ మధ్యే ఉండటం. దగ్గు కాబట్టి నేను లేచి వచ్చాను. ఇంకేదైనా అయితే అటునుంచి అటే ఇంటికెళ్ళిపోయేవాణ్ణి."

"జబ్బు దాచుకుంటే తగ్గుతుందా బాబూ?"

"దాచుకోనివ్వకపోతే అసలు రారు కదమ్మా."

ఆ మాట అప్పుడు ఆవిడ బుర్రకెక్కలేదు. ఇకనుంచి టోకెన్ నెంబరుతోనే పిలవాలి, జబ్బు ఊసెత్తకూడదు, ఆయన మళ్ళీ వచ్చి చూస్తాడు. ఇంతవరకే ఎక్కింది.

"పిన్నీ, నీకు దణ్ణం పెడతా, కాస్త నోరు అదుపులో పెట్టుకో," అంది డాక్టరమ్మ. చిన్నప్పుడు ఆవిడ చంకనెక్కి తిరిగిన పిల్ల కాబట్టి ఆ చనువు.

మైకమ్మ పాట్లు పగవాడికి కూడా వద్దు. "ఏడో నెంబరు, మో..." అని నాలిక కరుచుకునేది. "ఏమ్మా, నామీద అలిగావా?" అని మోకాళ్ళ తాతయ్య చిన్నబుచ్చుకున్నాడు. సాయంత్రం టైలరమ్మ దగ్గర కూలబడి ఆ తనిఖీ ఆయన్ని దుమ్మెత్తిపోసింది.

"మనుషుల్ని పట్టుకుని నెంబర్లతో పిలవమంటాడేమిటే? వాళ్ళేమైనా బస్సులా?"

టైలరమ్మ మిషను ఆపేసింది. "నిజంగానా వదినా? ఇక ఎవరి జబ్బూ పైకి అనవా?"

"అంటే క్లినిక్‌కి లైసెన్సు ఉండదట. ఎలా అంటాను?"

తెల్లారి టోకెన్ నెంబరు పిలిస్తే లేచింది ఎవరనుకున్నారు, టైలరమ్మే! మైకమ్మ నోరు తెరిచింది, మళ్ళీ మూసేసింది. టైలరమ్మ లోపల చాలాసేపు ఉంది. ఆమె వెళ్ళాక మైకమ్మ ఆగలేక డాక్టరమ్మను అడిగింది. "నీక్కూడా చెప్పకూడదు పిన్నీ," అంది డాక్టరమ్మ. మైకమ్మకు ఒళ్ళు మండిపోయింది.

ఇంటికొచ్చాక టైలరమ్మ తనే తలుపు దగ్గరగా వేసి చెప్పింది.

"రొమ్ములో గడ్డ వదినా. తెలిసి చాలా నెలలైంది."

"మరి నేను గొంతు చించుకుని పిలిచాను కదే! ఎందుకు రాలేదు?"

"నువ్వు పిలుస్తావనే రాలేదు." టైలరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "అంతమందిలో గడ్డ మరదలా అంటావని. నీ ప్రేమ నాకు తెలుసు వదినా. నీ గొంతు కూడా తెలుసు."

మైకమ్మకు నోట మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. తర్వాత టైలరమ్మను కావలించుకుని ఏడ్చింది. ఎంతమంది అలా గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయారో అని తలుచుకుని మళ్ళీ ఏడ్చింది.

పెద్దాసుపత్రిలో ఆపరేషను అయింది. పక్కన ఉండి, నీళ్ళు తాగించి, జడ వేసి, అన్నీ మైకమ్మే చూసుకుంది. "సమయానికి తీసుకొచ్చారు. ఇంకా ఆలస్యం చేస్తే మా చేతుల్లో ఉండేది కాదు," అన్నాడు అక్కడి డాక్టరు. మైకమ్మ వరండాలోకి వచ్చి, తాను రోజూ తిట్టిపోసిన ఆ సన్నటి మనిషిని తలుచుకుని, ఆయన కడుపు చల్లగా ఉండాలని దణ్ణం పెట్టుకుంది.

కొన్నాళ్ళకు ఆయన మళ్ళీ వచ్చాడు. హాల్లో కూర్చుని విన్నాడు. నెంబర్లు తప్ప ఇంకో మాట లేదు. కట్టు మార్పించుకోవడానికి వచ్చిన టైలరమ్మ కూడా ఆ బెంచీ మీదే కూర్చుంది, నెంబరు రాగానే లోపలికెళ్ళింది. అంతా బాగుందని డాక్టరమ్మకు చెప్పి ఆయన మెట్లు దిగుతుంటే మైకమ్మ వెనకే పరుగెత్తింది.

"బాబూ, మీ మేలు ఈ జన్మలో మర్చిపోలేను. మీ వల్ల ఒక ప్రాణం నిలబడింది."

ఆయన ఆగి వెనక్కి తిరిగాడు. "ఎవరిదమ్మా?"

చెప్పాలని ఆవిడకు ప్రాణం కొట్టుకుపోయింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. పెదాల దాకా వచ్చిన పేరును గుటక వేసి మింగేసింది.

"అది మాత్రం చెప్పకూడదండీ," అంది, పక్కనున్నవాళ్ళకు కూడా వినపడనంత మెల్లగా.