ఫ్రావ్ ష్రోట్ వెనకాల కొండ దిగిన రోజు

జర్మనీలోని డెగ్గెన్‌డార్ఫ్‌లో మా ఇంటి ఓనర్ ఫ్రావ్ ష్రోట్‌కి, అంటే ష్రోట్ గారికి, డెబ్బై రెండేళ్లు. ముప్పై ఏళ్లపాటు చలికాలమంతా మంచు మీద జారే స్కీల మీదే కొండ ఊళ్లకు ఉత్తరాలు పంచిన మనిషి. 2021 జనవరిలో లాక్‌డౌన్‌తో కాలేజీ మూతపడి నేను గదిలో దిగులుగా కూర్చుంటే, తన పాత స్కీలు తెచ్చి నా చేతిలో పెట్టారు.

ఇంటి వెనక వాలులో వారం రోజులు పడటం, లేవడం మాత్రమే నేర్పారు.

"జారడం ఎప్పుడు నేర్పుతారండీ?" అని విసుక్కున్నాను.

"పడినా లేవగలనని ముందు నీ ఒంటికి తెలియాలి. భయం దానంతటదే పోతుంది," అన్నారు.

జారడం మొదలుపెట్టాక, "మోకాళ్లు వంగలేదు!" అని ప్రతిసారీ కింద నుంచి కేకేసేవారు. నెల తిరిగాక ఒకరోజు కొండ మీద ఉండగా పొగమంచు కమ్మేసింది. నా చేతులు నాకే కనిపించడం లేదు. "నా గొంతు వెంటే రా," అంటూ ఆవిడ పాట అందుకుని ముందు జారారు. ఒక్క చెట్టూ తగలకుండా కిందికి తీసుకొచ్చారు.

"మీకు దారి ఎలా కనిపించింది?" అన్నాను.

"నాలుగేళ్లుగా నాకు ఎండలోనూ ఇంతే వైశాలీ. నీడలు తప్ప ఏమీ కనిపించవు."

అంటే ఇన్నాళ్లూ నా మోకాళ్లు వంగలేదని ఆవిడ నా స్కీల చప్పుడు విని చెప్పారన్నమాట!